'వాల్కనో హై' ఏ వెర్షన్ చూడాలి? నచ్చకపోతే ఏం చూడాలి?

2001 డిసెంబరులో కొరియాలో విడుదలైన 'వాల్కనో హై' గురించి ఏ ఇద్దరిని అడిగినా మాట కలవదు. అలాంటి సినిమా మళ్ళీ రాలేదని ఒకరంటారు, అసలు కథేంటో చివరిదాకా అర్థం కాలేదని ఇంకొకరంటారు. అభిరుచుల తేడా ఉండనే ఉంది. కానీ చాలాసార్లు ఆ ఇద్దరూ చూసింది ఒకే సినిమా కాదు. ఇది మూడు రూపాల్లో తిరుగుతోంది. వాటి నిడివి వేరు, మాటలు వేరు, చివరికి సినిమా స్వభావమే వేరు. కాబట్టి చూడాలా వద్దా అన్నది తర్వాత, ఏది చూడాలన్నది ముందు తేల్చుకోవాలి.

నా మాట ముందే చెప్పేస్తాను. రెండు గంటల కొరియన్ వెర్షన్‌ని కొరియన్ ఆడియోతోనే, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. అది చూశాక కూడా నచ్చకపోతే మీ తప్పేం లేదు, ఆ సినిమాకి మీకు పొసగదంతే. ఎందుకు నచ్చలేదన్న దాన్ని బట్టి మీకు నచ్చేవి వేరే ఉన్నాయి, వాటి సంగతీ చెబుతాను.

కథ క్లుప్తంగా ఇదీ. కిమ్ క్యుంగ్-సూ అనే కుర్రాడికి చిన్నప్పుడు జరిగిన కరెంటు ప్రమాదం వల్ల ఒంట్లో అంతుచిక్కని శక్తి చేరుతుంది. కోపం వస్తే ఆ శక్తి అతని మాట వినదు. ఆ కారణంగా ఒకదాని తర్వాత ఒకటిగా స్కూళ్ళన్నీ అతన్ని గెంటేస్తాయి. ఇక మిగిలింది వాల్కనో హై ఒక్కటే. ఇక్కడైనా బుద్ధిగా ఉండి చదువు ముగించుకుని బయటపడాలన్నది అతని ఆశ. తీరా చూస్తే అది స్కూలు కాదు, యుద్ధరంగం. వెయిట్‌లిఫ్టింగ్ క్లబ్బు, కెండో (వెదురు కత్తులతో చేసే సాము) క్లబ్బు ఒక్కోటీ ఒక్కో రాజ్యంలా ఉంటాయి. అందరికన్నా బలవంతుడు సాంగ్ హాక్-రిమ్. ఓ రహస్య పత్రం కోసం వైస్ ప్రిన్సిపాల్ కుట్ర పన్నుతాడు. ప్రిన్సిపాల్ మీద విషప్రయోగం జరిగి, ఆ నింద హాక్-రిమ్ మీద పడుతుంది. అతన్ని స్కూల్లోనే ఖైదు చేస్తారు. ఆ ఖాళీలో పెత్తనం కోసం వెయిట్‌లిఫ్టింగ్ నాయకుడు జాంగ్ ర్యాంగ్ ఎగబడతాడు. విద్యార్థులను అణచడానికి మా అనే టీచర్ నాయకత్వంలో ఐదుగురు ఉపాధ్యాయుల దండు దిగుతుంది. వాళ్ళకీ శక్తులున్నాయి.

మూడు వెర్షన్ల లెక్క

కొరియా థియేటర్లలో ఆడింది రెండు గంటల వెర్షన్. బయటి దేశాలకు అమ్మేటప్పుడు అందులోంచి సుమారు ఇరవై నిమిషాలు కోసేసి అంతర్జాతీయ వెర్షన్ తయారు చేశారు. మూడోది 2003లో అమెరికన్ ఛానల్ ఎంటీవీ ప్రసారం చేసినది. దాన్ని ఇంకా కుదించారు, సంగీతాన్ని హిప్‌హాప్‌గా మార్చారు, ఆండ్రే 3000, స్నూప్ డాగ్, లిల్ జాన్, మెథడ్ మ్యాన్, మాయా లాంటి పేరున్న గాయకుల చేత పాత్రలకు ఇంగ్లిష్‌లో గొంతులు ఇప్పించారు.

డబ్బింగ్ సినిమాలు చూస్తూ పెరిగిన తెలుగువాళ్ళకి ఈ ఎంటీవీ వెర్షన్ అంటే ఆసక్తి కలగడం సహజం. కానీ మనకి తెలిసిన డబ్బింగ్‌లో కథని అలాగే ఉంచి మాటల్ని మన భాషలోకి తెస్తారు. ఎంటీవీ వాళ్ళది అలాంటిది కాదు. కొరియన్ సినిమా బొమ్మల మీద ఓ అమెరికన్ సరదా కార్యక్రమం నడిపారు. హిప్‌హాప్ అభిమానులకి అది పసందైన వస్తువే, కాదనను. పాత్రల మీద బెంగ పెట్టుకుని చూద్దామనుకుంటే మాత్రం అందులో దొరికేది తక్కువ. క్యుంగ్-సూ నోరు మూసుకుని పడే అవమానంలో బరువుంది. పక్కన జోకు పేలగానే ఆ బరువంతా పోతుంది.

అంతర్జాతీయ వెర్షన్‌ది వేరే ఇబ్బంది. ఈ సినిమా కథ అసలే చిక్కుముడి. ఎవరు ఎవరితో కలిశారో, ఎవరికి ఏం కావాలో మొదటి గంటలో పట్టుకోవడానికే శ్రమపడాలి. అలాంటి దాంట్లోంచి ఇరవై నిమిషాలు తీస్తే ఉన్న ముడి మరింత బిగుసుకుంటుంది. కథ అర్థం కాలేదన్నవాళ్ళని నేను అడిగే మొదటి ప్రశ్న అదే: మీరు చూసింది ఎన్ని నిమిషాల సినిమా?

మీ చేతికి వచ్చినది ఏదో గుర్తుపట్టడం తేలికే. ప్లే నొక్కే ముందు నిడివి చూడండి. రెండు గంటలు ఉంటే పూర్తిది. గంటా నలభై నిమిషాల దగ్గర ఆగితే కోసినది. పాత్రలు ఇంగ్లిష్‌లో ర్యాప్ యాసతో మాట్లాడుతూ గంటన్నర లోపే సినిమా అయిపోతే ఎంటీవీది.

నచ్చనివాళ్ళు ఏమంటారు, అందులో ఎంత నిజముంది

కథ బలహీనం అనే మాట నిజం. రహస్య పత్రం కోసం అంత హడావుడి జరుగుతుంది కానీ, ఆ పత్రం ఏమైపోయినా ప్రేక్షకుడికి పట్టింపు కలగదు. ఒకరి తర్వాత ఒకరుగా కొత్త పాత్రలు వస్తూనే ఉంటాయి. ఒక్కొక్కరికీ ఒక పేరు, ఒక బిరుదు, ఒక ఎంట్రీ. చాలామందికి ఆ ఎంట్రీ తప్ప ఆ తర్వాత పనేం ఉండదు. ముఖ్యంగా కెండో క్లబ్బు నాయకురాలు యూ చే-యీ పాత్ర నాకు బాధ కలిగిస్తుంది. ఆ పాత్ర వేసిన షిన్ మిన్-ఆకి ఇదే మొదటి సినిమా. కత్తి పట్టుకుని నిలబడిన తీరులోనే ఒక గాంభీర్యం కనిపిస్తుంది. తొలి భాగంలో ఆమె మీద అంత ఆశ పెంచి, అసలు పోరు వచ్చేసరికి పక్కన నిలబెట్టేశారు. ఆమె పక్కనే ఉండే గాంగ్ హ్యో-జిన్‌కి ఇంకా తక్కువ. ఆ తర్వాత వీళ్ళిద్దరూ కొరియన్ డ్రామాల్లో ఎంత పెద్ద పేరు తెచ్చుకున్నారో తెలిసినవాళ్ళకి ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

గ్రాఫిక్స్ పాతబడ్డాయన్న మాటా సగం నిజం. చేతుల్లోంచి వెలువడే శక్తి తరంగాలు ఇప్పటి కంటికి ఆనవు. కానీ సందర్భం గుర్తుంచుకోవాలి. 'ద మ్యాట్రిక్స్' వచ్చింది 1999లో, 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్' 2000లో. ఆ రెండింటి ఊపు ప్రపంచమంతా ఉన్న రోజుల్లో, వాటికి దీటుగా మనమూ తీయగలం అని కొరియన్లు చేసిన సాహసం ఇది. కంప్యూటర్‌తో చేసిన చోట వయసు తెలుస్తుంది. వైర్లు కట్టి, నిజమైన నీళ్ళు పోసి, నిజమైన సెట్లు పగలగొట్టి తీసిన చోట తెలియదు.

హాస్యం విషయంలో ఎవరినీ ఒప్పించలేం. క్యుంగ్-సూగా వేసిన జాంగ్ హ్యుక్ ముఖాన్ని రబ్బరులా సాగదీసి నవ్విస్తాడు, మరుక్షణం గంభీరంగా మారిపోతాడు. కొరియన్ కామిక్స్ చదివే అలవాటున్నవాళ్ళకి ఇది కొత్తేం కాదు, వాటిలో పాత్రల ముఖాలు ఒక గడిలో కార్టూన్‌లా, పక్క గడిలో వీరుడిలా ఉంటాయి. ఆ అలవాటు లేనివాళ్ళకి మాత్రం మొదటి అరగంట చిరాకు తెప్పిస్తుంది.

ఇక అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు హీరో ఎందుకు కొట్టడన్నది. దీంతో మాత్రం నేను ఏకీభవించను. మన మాస్ సినిమాల్లో కూడా హీరో శాంతంగా దెబ్బలు తినే ఘట్టం ఉంటుంది, కాకపోతే ఇంటర్వెల్ నాటికి ఆ లెక్క తేలిపోతుంది. ఎలివేషన్ షాట్ పడుతుంది, మనకి ఊపిరి ఆడుతుంది. 'వాల్కనో హై' ఆ ఊరట దాదాపు చివరిదాకా ఇవ్వదు. క్యుంగ్-సూ చెయ్యెత్తితే టీసీ చేతిలో పెడతారు, ఇక వెళ్ళడానికి ఇంకో స్కూలు లేదు. కొట్టగలిగీ కొట్టకుండా నిలబడటమే అతని పోరాటం. ప్రేక్షకుడికి కలిగే ఆ ఉక్కపోత దర్శకుడు కిమ్ టే-గ్యున్ కావాలని పెట్టినదే. అది తట్టుకోలేకపోతే ఈ సినిమా మీకు సరిపడదు. తట్టుకుంటే చివరి ఇరవై నిమిషాలు మీకు బాకీ తీర్చేస్తాయి.

నచ్చినవాళ్ళకి దొరికింది ఏమిటి

ఆ చివరి పోరు గురించి కాస్త చెప్పాలి. స్కూలు ఆవరణ, కుండపోత వాన, ఎదురెదురుగా క్యుంగ్-సూ, మా. రంగులన్నీ పిండేసినట్టు తెర మొత్తం పచ్చబూజు, బూడిద రంగుల్లో ఉంటుంది. సినిమా అంతా ఆ రంగులోనే నడుస్తుంది కానీ, ఈ వానలో దాని అర్థం తెలుస్తుంది. మనుషులూ గోడలూ నేలా ఒకే బురద ముద్దలా కలిసిపోయి, కదలిక ఒక్కటే కంటికి ఆనుతుంది. మా వేషం వేసిన హో జున్-హో అరవడు, ఊగిపోడు. గొడుగు మరచిపోయి వచ్చిన లెక్కల మాస్టారిలా నిలబడతాడు. ఆ నిలబడటమే భయం పుట్టిస్తుంది. ఈయన్ని మీరు 2019 నాటి 'కింగ్‌డమ్' సిరీస్‌లో పెద్దాయన అన్ హ్యోన్‌గా చూసి ఉంటారు.

టీచరే విలన్ కావడం కొరియన్ ప్రేక్షకుడికి ఎందుకు అంత లోతుగా తగులుతుందో కూడా తెలుసుకోవాలి. కొరియా స్కూళ్ళలో బెత్తం దెబ్బలు అప్పటికి మామూలు విషయం. సోల్ విద్యాశాఖ స్కూళ్ళలో శారీరక దండనని నిషేధించింది 2010లో. అంటే 2001లో ఈ సినిమా చూసిన కుర్రాళ్ళు పొద్దున దెబ్బలు తిని సాయంత్రం థియేటర్‌కి వచ్చినవాళ్ళు. క్రమశిక్షణ పేరుతో దిగిన ఐదుగురు టీచర్ల దండుని ఒక విద్యార్థి ఎదిరించడం వాళ్ళకి ఫాంటసీయే, కానీ అందులో వాళ్ళ కడుపుమంట ఉంది. మన దగ్గర మోకాళ్ళ మీద నిలబడ్డ తరానికి, రెసిడెన్షియల్ కాలేజీల్లో ఇంటర్ గట్టెక్కినవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

నటుల కోసం చూసేవాళ్ళకీ ఇందులో బాగానే దొరుకుతుంది. ఖైదులో ఉన్న హాక్-రిమ్‌గా క్వాన్ సాంగ్-ఊకి ఇదే తొలి సినిమా. కుట్రదారు వైస్ ప్రిన్సిపాల్‌గా బ్యున్ హీ-బాంగ్ ఉన్నాడు. తర్వాత బాంగ్ జూన్-హో 'ద హోస్ట్'లో తాతయ్యగా మనల్ని ఏడిపించినాయనే. జాంగ్ ర్యాంగ్‌గా కిమ్ సూ-రో అహంకారాన్ని ఎంత భారీగా మోస్తాడంటే, అతను ఓడిపోతున్నప్పుడు జాలి కూడా వేస్తుంది.

నచ్చలేదా? కారణాన్ని బట్టి ఎంచుకోండి

గాల్లో ఎగిరే ఫైట్లు బాగున్నాయి, కథే అర్థం కాలేదు అంటే 2004 నాటి 'అరహాన్' చూడండి. దర్శకుడు ర్యూ సుంగ్-వాన్. ఇది స్కూలు కథ కాదు. అమాయకుడైన ఓ ట్రాఫిక్ పోలీసుకి తనలో శక్తి ఉందని తెలిసి, నగరంలో మారుమూల బతుకుతున్న గురువుల దగ్గర విద్య నేర్చుకుంటాడు. శిష్యుడు, గురువు, శిక్షణ, విలన్: దారి సూటిగా ఉంటుంది, ఎక్కడా తప్పిపోరు. నగరంలో మామూలు పనులు చేసుకునే మనుషుల్లోనే మహా విద్యావంతులు ఉంటారన్న ఊహ నాకు చాలా ఇష్టం. ఫైట్లు కూర్చిన జంగ్ డూ-హాంగే విలన్‌గా కూడా వేశాడు, అందుకే చివరి కత్తియుద్ధంలో దెబ్బ తగిలినట్టు నిజంగా అనిపిస్తుంది. ఈ మొత్తం జాబితాలో ఇంటిల్లిపాదీ కూర్చుని చూడటానికి నా ఓటు దీనికే.

శక్తులూ మాయలూ అక్కర్లేదు, స్కూలు దౌర్జన్యం మీద కోపమే కావాలి అంటే అదే ఏడాది వచ్చిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ హైస్కూల్'. దర్శకుడు యూ హా. ఇందులోనూ క్వాన్ సాంగ్-ఊయే, ఈసారి హీరో. కథాకాలం 1978, పార్క్ చుంగ్-హీ నియంతృత్వం చివరి రోజులు. స్కూల్లో సైనిక కవాతు, టీచర్ల చేతిలో దెబ్బలు, క్లాసులో రౌడీ ముఠాలు. బ్రూస్ లీ అంటే ప్రాణం పెట్టే మెతక కుర్రాడు హ్యోన్-సూ లోలోపల ఉడికిపోతూ చివరికి మేడ మీద బద్దలవుతాడు. 'వాల్కనో హై'తో పక్కపక్కన పెట్టి చూడదగినది ఇదే. హీరో ఓపిక పట్టడం, ఒక్కసారిగా తెగించడం రెండింట్లోనూ ఒకటే. కానీ అక్కడ తెగించాక వాన కడిగేస్తుంది, ఇక్కడ తెగించినందుకు మూల్యం చెల్లించాలి. సినిమాగా ఏది గొప్పది అని నిలదీస్తే నేను దీన్నే అంటాను. మళ్ళీ మళ్ళీ చూడాలనిపించేది మాత్రం 'వాల్కనో హై'. 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ హైస్కూల్'లో దెబ్బలు నిజమైన దెబ్బల్లా ఉంటాయి, పిల్లలతో కలిసి చూసేది కాదు.

సినిమా కాదు, సిరీస్ కావాలనేవాళ్ళకి రెండున్నాయి, ఒకదానికొకటి పూర్తిగా వేరు. 'వీక్ హీరో క్లాస్ 1' 2022లో వచ్చింది, ఎనిమిది ఎపిసోడ్లు. బక్కపలచని ఫస్ట్ ర్యాంకు విద్యార్థి యోన్ సీ-యున్ కండబలం లేక తెలివితో కొడతాడు. పెన్ను, పుస్తకం, కిటికీ కర్టెన్, చేతికి ఏది అందితే అదే ఆయుధం. పార్క్ జీ-హూన్ కళ్ళలో ఉన్న ఒంటరితనం చూస్తే ఫైటు గెలిచాడని సంతోషించలేం. ముగ్గురు స్నేహితుల మధ్య అపార్థం ఎలా విషమవుతుందో చూపించిన తీరు ఏ ఫైటు కన్నా ఎక్కువ నొప్పి పెడుతుంది. రెండో సీజన్ 2025లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. నాకు మొదటిదే గట్టిది. మనసు బాగోలేని రోజున మొదలుపెట్టకండి.

రెండోది 2025లో వచ్చిన 'స్టడీ గ్రూప్'. గూండాలతో నిండిన ఓ టెక్నికల్ హైస్కూల్లో కళ్ళద్దాల కుర్రాడు యూన్ గా-మిన్‌కి ఒకటే కోరిక, బాగా చదువుకోవాలి. చదువు ఎంతకీ బుర్రకెక్కదు, తన్నడం మాత్రం దేవుడిచ్చిన వరం. స్టడీ గ్రూప్ పెట్టుకుంటానంటే స్కూలంతా అడ్డుపడుతుంది. 'వాల్కనో హై'కి అసలైన వారసుడు ఎవరంటే నేను దీన్నే చూపిస్తాను. మర్యాదగా చదువుకోనిస్తే చాలు అనే హీరో, చదువుకోనివ్వని స్కూలు, కామిక్ పుస్తకంలోంచి నేరుగా దూకినట్టున్న ఫైట్లు. హ్వాంగ్ మిన్-హ్యున్ అమాయకపు ముఖంతో తన్నే తన్నులు చూడాల్సిందే. ఇరవై ఏళ్ళ పైబడిన సినిమా రంగు, గ్రాఫిక్స్ మీకు అడ్డమైతే ఇదే చూడండి, అదే రుచి కొత్త గిన్నెలో దొరుకుతుంది.

శక్తుల ప్రదర్శనే ప్రధానం, ఎంత పెద్దదైతే అంత మంచిది అనేవాళ్ళకి 2020 నాటి యానిమేషన్ 'ద గాడ్ ఆఫ్ హైస్కూల్'. పార్క్ యోంగ్-జే వెబ్‌టూన్ (ఆన్‌లైన్ కామిక్) ఆధారంగా జపాన్ స్టూడియో మాప్పా తీసింది, పదమూడు ఎపిసోడ్లు. టైక్వాండో కుర్రాడు జిన్ మోరీ కాళ్ళ కదలిక గీసిన తీరు అద్భుతం. ఏళ్ళ తరబడి నడిచిన కథని పదమూడు ముక్కల్లో ఇరికించేసరికి సగం నుంచి దేవుళ్ళు, రాక్షసులు ఎందుకొస్తున్నారో తెలియని పరుగైపోయింది. ఫైట్ల కోసం చూడండి, కథ కోసం వెబ్‌టూన్ చదవండి.

స్కూలు, మహిమలు ఉండాలి గానీ తన్నులాటే ప్రధానం కాకూడదంటే 2023 నాటి 'మూవింగ్'. ఇరవై ఎపిసోడ్లు. ఎగరగలిగిన కొడుకు ఎగరకుండా ఉండటానికి ఒక తల్లి పడే తిప్పలతో మొదలై తల్లిదండ్రుల గతంలోకి వెళుతుంది. ఓపిగ్గా చూడాలి, మొదటి ఏడు ఎపిసోడ్లు పిల్లల కథే. అంత సమయం లేకపోతే ఆరు ఎపిసోడ్ల 'ద స్కూల్ నర్స్ ఫైల్స్' ఉంది. ప్లాస్టిక్ కత్తి, బొమ్మ తుపాకీ పట్టుకుని స్కూల్లో కంటికి కనిపించని జెల్లీ జీవాలని వేటాడే నర్సు కథ. ఇది వింతల్లో వింత, ఒక ఎపిసోడ్ చూస్తే మీకు సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది.

వీటిలో ఏది ఏ ఓటీటీలో ఉందన్నది తరచూ మారిపోతుంటుంది కాబట్టి పేరు వెతికి చూసుకోవడమే మంచిది. ఆడియో జాబితాలో తెలుగు కనిపించినా, మొదటి ఎపిసోడ్ కొరియన్‌లో ఒకసారి వినండి. చిన్నవాడు పెద్దవాడితో ఏ వరసలో మాట్లాడుతున్నాడన్నది వీటన్నిటిలో కథలో భాగమే. హీరో మర్యాద మాట వదిలేసిన క్షణమే ఫైటు మొదలైనట్టు లెక్క.

ఒక్క రాత్రే ఖాళీ ఉంది, దేనికీ అలవాటు పడలేదు అంటే 'అరహాన్'తో మొదలుపెట్టండి. శని, ఆదివారాలు రెండూ ఖాళీ ఉంటే శనివారం 'వాల్కనో హై' రెండు గంటల వెర్షన్, ఆదివారం 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ హైస్కూల్'. ఈ వరస తిప్పకండి. రెండోది చూశాక మొదటిదాని హాస్యం నవ్వించదు.